సొంతంగా బిగించిన మొదటి కంప్యూటర్: ఫ్యాన్లు తిరుగుతున్నాయి, బొమ్మ రావట్లేదు, క్యాబినెట్ జివ్వుమంటోంది

వైనతేయ_తీరం

నమస్కారం అండి. మాది అంబాజీపేట పక్క పల్లె. విడిభాగాలు తెప్పించుకుని కంప్యూటర్ ఇంట్లోనే బిగించాను. సామాను ఇది: రైజెన్ 5 7600 సీపీయూ, దాంతోపాటు వచ్చిన కూలర్, బి650ఎం బోర్డు, డిడిఆర్5 6000 ర్యామ్ 16 జీబీవి రెండు, 1 టీబీ ఎన్‌వీఎంఈ డిస్క్, ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు, 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (కరెంటు అందించే డబ్బా), మూడు ఫ్యాన్ల క్యాబినెట్. పాత కంప్యూటర్లోని హార్డ్‌డిస్క్ కూడా తగిలించాను, ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి.

పవర్ బటన్ నొక్కితే ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయి కానీ మానిటర్‌లో ఏమీ లేదు. బోర్డు మీద డీర్యామ్ అని రాసి ఉన్నచోట పసుపు దీపం వెలుగుతోంది. నిమిషం చూసి ఆపేస్తున్నాను, మళ్లీ వేస్తే మళ్లీ అంతే. ర్యామ్ పోయినట్టేనా, వాపసు పంపమంటారా?

రెండోది, క్యాబినెట్ వెనక రేకు మీద చెయ్యి వేస్తే సన్నగా జివ్వుమంటోంది. చెప్పులేసుకుంటే ఉండట్లేదు. ఇది ఎస్‌ఎంపీఎస్ లోపమా?

ఇవి తేలాక విండోస్ 11 వేయాలి. ఏది ముందు, ఏది తర్వాత చేయాలో చెప్పండి.

భీమవరం_బోర్డులు

ర్యామ్ వాపసు పంపకండి. ఏఎం5 బోర్డు (మీ రైజెన్ కూర్చునే రకం), డిడిఆర్5 ర్యామ్ కలిసినప్పుడు మొట్టమొదటిసారి ఆన్ చేస్తే బోర్డు ఆ ర్యామ్‌కి ఎంత వోల్టేజీ ఇవ్వాలి, సిగ్నల్ ఏ క్షణంలో అందుకోవాలి అనేది తనంతట తాను పరీక్షించుకుంటుంది. దీన్ని మెమరీ ట్రెయినింగ్ అంటారు. ఆ పని జరిగినంతసేపూ తెర నల్లగానే ఉంటుంది, డీర్యామ్ దీపం వెలుగుతూనే ఉంటుంది. కొన్ని బోర్డులు మధ్యలో వాటంతటవే ఆగి మళ్లీ మొదలవుతాయి కూడా. రెండు ర్యామ్‌లు, మొత్తం 32 జీబీ అంటే మామూలుగా కొన్ని నిమిషాల పని. మీరు నిమిషానికి ఆపేస్తుంటే ప్రతిసారీ మొదటికొస్తోంది. ఈసారి వేసి 15 నిమిషాలు ముట్టుకోకుండా వదిలేయండి. కరెంటు పోయినా మొదటికొస్తుంది కాబట్టి మీ ఊళ్లో కరెంటు నిలకడగా ఉండే వేళ చూసుకోండి. కానీ అంతకంటే ముందు ఆ జివ్వుమనే సంగతి తేలాలి. అది కరెంటు పని తెలిసినవాళ్లు చెప్తారు, అందాకా ప్లగ్గు తీసి ఉంచి ఇవి చూడండి.

ర్యామ్‌లు రెండూ సీపీయూ వైపు నుంచి లెక్కపెడితే రెండో గాడిలో, నాలుగో గాడిలో ఉండాలి. బోర్డు మీద ఏ2, బీ2 అని రాసి ఉంటుంది. చాలా బోర్డుల్లో క్లిప్పు ఒక వైపే ఉంటుంది, రెండో వైపు కదలదు. అందుకని ఆ కదలని వైపు సరిగా దిగలేదని గమనించరు. రెండు చివరలా బొటనవేళ్లతో టక్కుమనేదాకా నొక్కండి.

హెచ్‌డీఎంఐ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకే పెట్టండి. అయితే 7600లో సొంత గ్రాఫిక్స్ కూడా ఉంది. కాబట్టి కార్డు మీద అనుమానం వస్తే కార్డు పూర్తిగా తీసేసి కేబుల్ బోర్డుకి పెట్టి చూడొచ్చు. సగం గొడవలు ఇక్కడే తేలిపోతాయి.

సీపీయూకి వెళ్లే 8 పిన్నుల వైరు, కార్డుకి వెళ్లే 8 పిన్నుల వైరు చూడటానికి ఒకేలా ఉంటాయి, కానీ ఒకటి కావు. సీపీయూది 4+4గా విడిపోతుంది, కార్డుది 6+2గా విడిపోతుంది. దూరకపోతే బలవంతంగా తొయ్యకండి. వేరే ఎస్‌ఎంపీఎస్ తాలూకు వైర్లు ఇంట్లో ఉంటే వాటిని దీనికి వాడొద్దు. ఎస్‌ఎంపీఎస్ వైపు కొస సరిపోయినా లోపల పిన్నుల వరస వేరుగా ఉండొచ్చు, అలా హార్డ్‌డిస్కులు కాలిపోతాయి.

దీపాల వరస గుర్తుపెట్టుకోండి: సీపీయూ, డీర్యామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్ (విండోస్ ఉండే డిస్క్). ఎక్కడ ఆగిపోతే లోపం అక్కడ వెతకాలి. విండోస్ లేనప్పుడు బూట్ దీపం వెలగడం లోపం కాదు.

15 నిమిషాల తర్వాత కూడా డీర్యామ్ దగ్గరే ఉంటే ఒక్క ర్యామ్ ఏ2లో పెట్టి చూడండి, తర్వాత రెండోది అదే గాడిలో పెట్టి చూడండి. అప్పటికీ కాకపోతే ప్లగ్గు తీసేసి, బోర్డు పుస్తకంలో క్లియర్ సీమాస్ (బోర్డు దాచుకున్న అమరికల్ని చెరిపేసేది) అని చూపించిన రెండు పిన్నుల్ని స్క్రూడ్రైవర్ మొనతో పది సెకన్లు కలిపి ఉంచి వదలండి. ఆ తర్వాత మళ్లీ 15 నిమిషాలు.

నరసాపురం_వైరింగ్

జివ్వుమనేది ఎస్‌ఎంపీఎస్ లోపం కాదండి, మీ ఇంటి ఎర్త్ లోపం. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

ప్రతి ఎస్‌ఎంపీఎస్ లోపలా ఫేజు నుంచి బాడీకి ఒకటి, న్యూట్రల్ నుంచి బాడీకి ఒకటి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. అడ్డదిడ్డమైన సిగ్నళ్లని వడగట్టి ఎర్త్‌లోకి పంపడం వాటి పని. ఎర్త్ వైరు నిజంగా భూమిని చేరకపోతే ఆ రెండు కెపాసిటర్ల మధ్య బాడీ వేలాడుతుంది. అప్పుడు రేకు మీద 230లో సగం, అంటే 115 వోల్టుల దాకా కనిపిస్తుంది. ప్రవహించే కరెంటు మాత్రం చాలా తక్కువ, అందుకే జివ్వుమని ఊరుకుంటోంది. మనిషికి అది పెద్ద ప్రమాదం కాకపోయినా, క్యాబినెట్ అలా ఉండగా హెచ్‌డీఎంఐ కేబుల్ గుచ్చితే ఆ తేడా అంతా మానిటర్ పోర్టు మీద, కార్డు పోర్టు మీద పడుతుంది. పోర్టులు చచ్చిపోయేది ఇలాగే. అసలు భయం ఏమిటంటే, రేపు ఎస్‌ఎంపీఎస్ లోపల ఫేజు నిజంగా బాడీకి తగిలితే కాపాడేది ఏమీ ఉండదు.

మల్టీమీటర్ ఏసీ 750 వోల్టుల దగ్గర పెట్టి, ప్లగ్గులో మూడు కొలతలు తీయమనండి. ఫేజు–న్యూట్రల్ 207 నుంచి 253 మధ్య ఉండాలి. ఫేజు–ఎర్త్ కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్–ఎర్త్ 2, 3 వోల్టులు మించకూడదు. ఫేజు–ఎర్త్ 80, 100 అని ఎటూ కాకుండా చూపిస్తే ఆ ఎర్త్ గాల్లో ఉన్నట్టే. మీటరు బాగానే చూపించినా నమ్మకం కుదరాలంటే ఎలక్ట్రీషియన్ చేత ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య 100 వాట్ల టెస్ట్ ల్యాంపు పెట్టించండి. బల్బు నిండుగా వెలగాలి. మీటరుకి పిసరంత కరెంటు చాలు, అందుకని తుప్పుపట్టిన జాయింటు కూడా దానికి మంచిదిలాగే కనబడుతుంది. ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి కారితే లైను తెంచే స్విచ్చి) ఉంటే ఈ పరీక్షకి అది పడిపోతుంది, అది మంచి లక్షణమే. ఈ పని మీరు చేయకండి, లైసెన్సు ఉన్నవాళ్లతోనే చేయించండి.

ఒక్కటి మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు: ప్లగ్గులో న్యూట్రల్‌నీ ఎర్త్‌నీ ముక్క వైరుతో కలిపేయడం. జివ్వుమనడం ఆ క్షణానికి పోతుంది. కానీ ఎక్కడో స్తంభం దగ్గర న్యూట్రల్ తెగితే మీ క్యాబినెట్ మొత్తం 230 వోల్టులు అయిపోతుంది. ప్రాణం పోయే పని అది. మూడు పిన్నుల ప్లగ్గుకి రెండు పిన్నుల కన్వర్టర్ తగిలించడం కూడా ఎర్త్ తెంచుకోవడమే.

వైనతేయ_తీరం

కొలతలు తీయించానండి. ఫేజు–న్యూట్రల్ 218, ఫేజు–ఎర్త్ 104, న్యూట్రల్–ఎర్త్ 112. ఎర్త్ పైపు ఇంటి వెనక కొబ్బరిచెట్ల దగ్గర ఉంది, ఇల్లు కట్టినప్పుడు వేసింది.

నరసాపురం_వైరింగ్

104, 112 కలిపితే దాదాపు 218. ఎర్త్ తెగిపోయిందని ఆ లెక్కే చెప్తోంది.

ముందు పైపు పైన వైరు బిగించిన క్లాంపు చూడండి. ఉప్పుగాలి తగిలే మన ఊళ్లలో ముందు తినేసేది దాన్నే. విప్పి, తుప్పు గీకి, కొత్త క్లాంపు వేసి, పైన గ్రీజు రాయండి. తర్వాత మెయిన్ బోర్డులో ఎర్త్ బార్, ఆ తర్వాత మీ గది ప్లగ్గులో పచ్చ వైరు. చాలా ఇళ్లలో పచ్చ వైరు ప్లగ్గు డబ్బా దాకా వచ్చి అక్కడ మడతపెట్టి వదిలేసి ఉంటుంది.

పైపే పోయి ఉంటే కొత్తది వేయించండి. ఎర్తింగ్‌కి మన దేశ ప్రమాణం ఐఎస్ 3043 ప్రకారం జీఐ (జింకు పూత ఇనుప) పైపు అయితే లోపలి వ్యాసం 38 మిల్లీమీటర్లకి, పొడవు 2.5 మీటర్లకి తగ్గకూడదు. మనకి నీళ్లు పైనే ఉంటాయి కాబట్టి ఎర్త్ బాగా కుదురుతుంది, రాతినేలల వాళ్లు పడే అవస్థ మనకి లేదు. కానీ గుంటలో ఉప్పు బస్తా పోయడం అనే అలవాటు సముద్రం వైపు ఊళ్లలో వద్దు. నేలలో ఉప్పు ముందే ఉంది, ఇంకా పోస్తే పైపు త్వరగా తుప్పు పట్టిపోతుంది. రాగి పూత కడ్డీ వేయిస్తే ఇంకా మేలు. ఏటా వానలకి ముందు క్లాంపు ఒకసారి చూసుకోవాలి.

పనిలో పని మెయిన్‌లో 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ పెట్టించండి. ఎర్త్ సరిపోయేదాకా కంప్యూటర్ ఆన్ చేయకండి. స్పైక్ బస్టర్ కొన్నా, ఎర్త్ లేనిదే అది తన పని సగం కూడా చేయలేదు.

వైనతేయ_తీరం

క్లాంపు పొడిపొడి అయిపోయి ఉందండి. మార్చాక న్యూట్రల్–ఎర్త్ 1.4 వచ్చింది, జివ్వుమనడం పోయింది. తర్వాత ఆన్ చేసి కదపకుండా వదిలేస్తే ఆరేడు నిమిషాలకి తెర వచ్చింది! సీపీయూ ఫ్యాన్ గురించి ఏదో చెప్పి ఎఫ్1 నొక్కమంది. బయోస్‌లో (బోర్డు సొంత అమరికల తెరలో) ర్యామ్ 32 జీబీ, వేగం 4800 అని ఉంది, సీపీయూ వేడి 52 అని ఉంది. 6000 రకం కొంటే 4800 ఏమిటి? ఇక విండోస్ వేసేయొచ్చా?

భీమవరం_బోర్డులు

4800 సరైనదే. ర్యామ్‌ని కొన్న వేగానికి పెంచే ఎక్స్‌పో అనే అమరిక ఆన్ చేసేదాకా ర్యామ్ మామూలు వేగంలోనే నడుస్తుంది. దాన్ని ఇప్పుడే ఆన్ చేయకండి. విండోస్ ఎక్కిస్తుండగా ర్యామ్ తప్పు చేస్తే ఫైళ్లు పాడైపోయి, నెల తర్వాత ఎందుకు ఆగిపోతోందో ఎవరికీ అర్థం కాదు. 52 డిగ్రీలు కూడా భయపడాల్సింది కాదు. బయోస్‌లో ఉన్నప్పుడు సీపీయూ పూర్తిగా విశ్రాంతి తీసుకోదు.

ఫ్యాన్ హెచ్చరిక వస్తోందంటే కూలర్ వైరు సీపీయూ_ఫ్యాన్ అని రాసిన దాంట్లో కాకుండా పక్కన క్యాబినెట్ ఫ్యాన్‌కి పెట్టే పిన్నుల్లో పెట్టి ఉంటారు. మార్చండి. హెచ్చరికను బయోస్‌లో ఆపేసి ఊరుకోకండి. కూలర్‌ని మాత్రం విప్పకండి. ఒకసారి లేపితే దాని కింద పూసి వచ్చిన పేస్టు పనికిరాదు, పాతది తుడిచి శనగగింజంత కొత్తది పెట్టాల్సి వస్తుంది.

విండోస్‌కి ముందు బయోస్ అప్‌డేట్ చూడండి. బోర్డు కంపెనీ పేజీలో మీ మోడల్ పేరు అక్షరం తేడా లేకుండా సరిచూసుకుని, ఫైలుని ఫ్యాట్32గా ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో పెట్టి బయోస్ లోపలి నుంచే ఎక్కించండి. ఈ పని జరుగుతుండగా కరెంటు పోతే బోర్డు లేవకపోవచ్చు. యూపీఎస్ లేకుండా చేయొద్దు. మీ బోర్డు వెనక ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటే అలా ఆగిపోయినా దాంతో మళ్లీ ఎక్కించొచ్చు, ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి.

తణుకు_ఇన్‌స్టాల్

విండోస్ సంగతి నేను చెప్తాను.

మొట్టమొదట పాత హార్డ్‌డిస్క్ సాటా వైరు పీకేయండి. ఫొటోల కోసమే కాదు. రెండు డిస్కులుంటే విండోస్ తన బూట్ భాగాన్ని ఒక్కోసారి పాతదాని మీద రాసేస్తుంది, తర్వాత పాతది తీసేస్తే కొత్తది లేవదు. విండోస్ పూర్తిగా ఎక్కాక మళ్లీ తగిలించుకోవచ్చు.

ఇంకో కంప్యూటర్లో మైక్రోసాఫ్ట్ వాళ్ల మీడియా క్రియేషన్ టూల్ దించుకుని, కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద తయారుచేయండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది. దాన్ని కొత్త కంప్యూటర్ వెనక పోర్టుకి పెట్టి, ఆన్ చేయగానే బూట్ మెనూ మీట నొక్కుతూ ఉండండి. ఎంఎస్ఐ, ఏఎస్‌రాక్ బోర్డులకి ఎఫ్11, గిగాబైట్‌కి ఎఫ్12, ఆసుస్‌కి ఎఫ్8. జాబితాలో పెన్‌డ్రైవ్ పేరు ముందు యూఈఎఫ్ఐ అని ఉన్నది ఎంచుకోండి. అంతకుముందు బయోస్‌లో సీఎస్ఎం (పాత పద్ధతి బూటింగ్) ఆఫ్, సెక్యూర్ బూట్ (నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌నే మొదలవనిచ్చేది) ఆన్, ఎఫ్‌టీపీఎం (సీపీయూలోని భద్రతా భాగం) ఆన్ ఉన్నాయో లేదో చూడండి. విండోస్ 11కి ఇవి కావాలి.

డిస్క్ అడిగినచోట ఎన్‌వీఎంఈ ఒక్కటే కనబడాలి. దాన్ని ఎంచుకుని నెక్స్ట్ కొడితే చాలు, భాగాలు మీరు చేయక్కర్లేదు. అసలు కనబడకపోతే అది గాడిలో పూర్తిగా దిగలేదు. పనిలోపని దాని పైన బిగించే అల్యూమినియం పలక కింది ప్లాస్టిక్ పొర తీశారా? దాన్ని అలాగే వదిలేసినవాళ్లు చాలామంది. పొర ఉంటే వేడి పలకకి చేరదు.

తర్వాత ఇంటర్నెట్ అడిగి అక్కడే ఆగిపోతుంది. బోర్డు వైఫైకి, కొన్ని లాన్ (ఇంటర్నెట్ వైరు) చిప్పులకి డ్రైవర్లు విండోస్ పెన్‌డ్రైవ్‌లో ఉండవు. ఆండ్రాయిడ్ ఫోన్‌ని యూఎస్‌బీ వైరుతో కలిపి, ఫోన్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. విండోస్ దాన్ని వెంటనే గుర్తుపడుతుంది. ఫోన్‌ని ఇంటి వైఫైలోనే ఉంచితే మొబైల్ డేటా కూడా ఖర్చవదు.

డెస్క్‌టాప్ వచ్చాక విండోస్ అప్‌డేట్ అయిపోయేదాకా, ఇక ఏమీ లేవు అనేదాకా నడపండి. ఆ తర్వాత ఏఎండీ చిప్‌సెట్ డ్రైవర్, బోర్డు పేజీ నుంచి లాన్, వైఫై, చివర్లో ఎన్విడియా డ్రైవర్. డ్రైవర్లన్నీ ఒక్క నొక్కుతో ఎక్కిస్తామనే సాఫ్ట్‌వేర్ల జోలికి పోవద్దు. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు ఒక్కటీ లేకుండా అవ్వాలి. మానిటర్ 144 లేదా 165 హెర్ట్జ్‌ది అయినా విండోస్ 60 దగ్గరే పెట్టి ఉండొచ్చు. డిస్‌ప్లే సెట్టింగుల్లో అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి మార్చుకోవాలి.

మైక్రోసాఫ్ట్ ఖాతాతో లోపలికి వెళ్తే విండోస్ 11 డిస్క్‌ని తనంతట తానే తాళం వేసుకుని ఉండొచ్చు. రేపు బయోస్ అప్‌డేట్ చేసినప్పుడు 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది మీ ఖాతా పేజీలో ఉంటుంది, ఈరోజే కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి.

భీమవరం_బోర్డులు

విండోస్ ఎక్కాక ర్యామ్ సంగతి. మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్షని ఇంకో పెన్‌డ్రైవ్ మీద వేసి 4800 దగ్గరే ఒకసారి నడపండి. నాలుగు పాసులు, 32 జీబీకి గంటల తరబడి పడుతుంది, రాత్రి వేసి వదిలేయండి. ఒక్క తప్పు వచ్చినా ఆ ర్యామ్ వాపసే. "ఒక్కటే కదా" అనుకోవడానికి లేదు.

అది నెగ్గితే బయోస్‌లో ఎక్స్‌పో 1 ఆన్ చేసి సేవ్ చేయండి. మళ్లీ ట్రెయినింగ్ జరుగుతుంది, మళ్లీ తెర నల్లబడుతుంది, ఓపిక పట్టండి. లేచాక అదే పరీక్ష 6000 దగ్గర మళ్లీ. ఇప్పుడు తప్పులొస్తే ర్యామ్‌ని తిట్టకండి, 5600కి దించి చూడండి. 7600కి ఏఎండీ అధికారికంగా హామీ ఇచ్చేది 5200 దాకానే, 6000 అనేది ఓవర్‌క్లాకింగ్ కిందికి వస్తుంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే కొలతలు చూపించే సాఫ్ట్‌వేర్ పెట్టుకుని ఎస్ఓసీ వోల్టేజీ (సీపీయూలో ర్యామ్‌ని నడిపే భాగానికి వెళ్లేది) 1.30 దాటలేదని చూడండి. 2023లో కొన్ని ఏఎం5 చిప్పులు కాలిన తర్వాత ఏఎండీ పెట్టిన హద్దు అది. పాత బయోస్‌తో ఎక్స్‌పో ఆన్ చేయొద్దని చెప్పేది ఇందుకే.

ప్రతిసారీ ఆన్ అవడానికి నిమిషం పడుతుంటే బయోస్‌లో మెమరీ కాంటెక్స్ట్ రీస్టోర్ (పాత ట్రెయినింగ్ ఫలితాన్నే మళ్లీ వాడేది) ఎనేబుల్ చేయండి, దాంతోపాటు పవర్ డౌన్ కూడా ఎనేబుల్‌లో ఉంచండి. అది ఆన్ చేశాక విండోస్ ఆగిపోయి నీలితెరలు మొదలైతే తీసేయండి. నిమిషం ఆలస్యమే నయం.

వేడి విషయానికొస్తే సీపీయూని నిండా పనిచేయించే సినీబెంచ్ అనే సాఫ్ట్‌వేర్‌ని పది నిమిషాలు నడపండి. 7600 హద్దు 95 డిగ్రీలు. అక్కడికి చేరితే కాలిపోదు, వేగం తగ్గించుకుంటుంది. సీపీయూతో వచ్చిన చిన్న కూలర్ మే నెల ఉక్కలో ఆ దరిదాపులకి వెళ్లడం మామూలే. కానీ మొదలెట్టిన రెండు మూడు సెకన్లలోనే 95 కొడితే మాత్రం కూలర్ సరిగా కూర్చోలేదు, నాలుగు స్క్రూలూ ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించి ఉండరు. ముందు ఫ్యాన్లు గాలి లోపలికి తీసుకోవాలి, వెనకది బయటికి తోయాలి. ఫ్యాన్‌కి ఫ్రేమ్ అడ్డకమ్మీలున్న వైపుకి గాలి వస్తుంది.

మీ వైపు పీచు మిల్లుల పొట్టు ఎక్కువ. ముందు వల రెండు వారాలకోసారి తీసి కడిగి, పూర్తిగా ఆరాక పెట్టండి. వెనక వాడని కార్డు గాడులకి రేకులు తీసేసి ఉంటే మళ్లీ బిగించండి. ఎస్‌ఎంపీఎస్ వెచ్చగా ఉంటుందని బల్లులు చేరతాయి, ఒక్క బల్లి చాలు షార్ట్ అవడానికి. క్యాబినెట్ నేల మీద పెట్టకండి. వానాకాలంలో వాడకపోయినా వారానికి రెండుమూడుసార్లు గంటసేపు ఆన్ చేసి ఉంచితే లోపలి చెమ్మ ఆరుతుంది.

వైనతేయ_తీరం

అన్నీ అలాగే చేస్తానండి. బయోస్ అప్‌డేట్‌కి యూపీఎస్ కావాలన్నారు కదా. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, అది సరిపోదా? చెరువుల ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే మోటార్లు) వేసినప్పుడు లైట్లు డిమ్ అవుతాయి కూడా.

నరసాపురం_వైరింగ్

ఇన్వర్టర్ ప్యూర్ సైన్‌వేవ్‌ది (లైను కరెంటులాగే నున్నని అల ఇచ్చేది) అయి, వెనక స్విచ్చి యూపీఎస్ మోడ్‌లో ఉంటే నడుస్తుంది. మామూలు మోడ్‌లో కరెంటు పోయాక బ్యాటరీకి మారడానికి పట్టే వ్యవధిని ఎస్‌ఎంపీఎస్ తట్టుకోలేదు, దాని ఓపిక 16, 17 మిల్లీసెకన్లే. స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్ అయితే వద్దు. ఇప్పటి ఎస్‌ఎంపీఎస్‌లు దాని మీద కీచుమంటాయి, ఒక్కోసారి ఆగిపోతాయి.

విడిగా కొనేటట్టయితే లెక్క ఇది: సీపీయూ నిండా పనిచేస్తే 88 వాట్లు, కార్డు 115, మిగతా బోర్డు, ఫ్యాన్లు, డిస్కులు 50, మానిటర్ 30, ఎస్‌ఎంపీఎస్‌లో పోయేది కలిపితే 300 దాటుతుంది. 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్లు. నెట్టుకొస్తుంది కానీ అంచు మీద నడుస్తుంది. 1000 వీఏ, 600 వాట్లది తీసుకోండి, ఏవీఆర్ ఉన్నది. ఏరేటర్ల వల్ల వచ్చే లోవోల్టేజీని బ్యాటరీ ముట్టుకోకుండానే అది సరిచేస్తుంది. ఆట ఆడుతూ ఉంటే కొద్ది నిమిషాలే వస్తుంది, అది షట్‌డౌన్ చేసుకోవడానికి. లేజర్ ప్రింటర్, టేబుల్ ఫ్యాన్ దానికి తగిలించకండి. ఈ వేడికి బ్యాటరీ రెండు మూడేళ్లే వస్తుంది.

ఉరుములొచ్చే రోజుల్లో ప్లగ్గుతోపాటు రౌటర్ నుంచి వచ్చే లాన్ వైరు కూడా పీకండి. పిడుగు దెబ్బకి చాలా బోర్డులు పోయేది ఆ వైరు గుండానే.

భీమవరం_బోర్డులు

దానికి ఒకటి కలుపుతాను. బయోస్‌లో రీస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్ అని ఉంటుంది, పవర్ ఆఫ్‌లో పెట్టండి. ఆన్‌లో ఉంటే కరెంటు వచ్చీ పోయీ చేసే సమయంలో యంత్రం తనంతట తాను లేస్తూ, సగంలో చస్తూ ఉంటుంది. లైను వచ్చాక ఐదు నిమిషాలు ఆగి, లైట్లు నిలకడగా ఉన్నాయని చూసి మీరే బటన్ నొక్కండి.